మామునూరు పక్కన ప్లాటు, బీరువాలో బంగారం

ప్రశ్న: మాది కాజీపేట. వయసు 62. రైల్వేలో రిటైరయ్యాను, పింఛను వస్తోంది. బ్యాంకులో ఉన్న 18 లక్షల డిపాజిట్‌కు వచ్చే నెల గడువు తీరుతుంది. ఇప్పటి వడ్డీ చూస్తే ఉసూరుమనిపించింది. మామునూరు దగ్గర 200 గజాల ప్లాటు, గజం 12 వేల చొప్పున ఉందని మా మేనల్లుడు చూపించాడు. 20 వేలు టోకెన్ కూడా ఇచ్చాను. తక్కువపడే 6 లక్షలకు మా ఆవిడ బంగారం కుదువ పెడదామనుకుంటున్నాను. విమానాశ్రయం వచ్చాక ఈ ధరకు దొరకదంటున్నారు. కొనమంటారా? బ్రోచర్, రసీదు ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: వద్దండీ. ఈ డబ్బుతో, ఈ కాగితాలతో మాత్రం అసలే వద్దు.

వడ్డీ మీద మీ అలక న్యాయమైనదే. రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లు సంతోషించారు, మీలాంటి డిపాజిట్‌దారులు నష్టపోయారు. సరిగ్గా ఆ సమయంలోనే విమానం బొమ్మ వేసిన బ్రోచర్ చేతికి వస్తే ఎవరికైనా మనసు లాగుతుంది.

ఆ బ్రోచర్‌ను నేను ఫోనులో పెద్దది చేసి చూశాను. పైన ‘విమానాశ్రయానికి 5 నిమిషాలు’ అని అరంగుళం అక్షరాలు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘కుడా అనుమతికి దరఖాస్తు చేయబడినది’. కుడా అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ. దరఖాస్తు ఎవరైనా చేస్తారు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. అది లేకుండా ప్లాట్లు అమ్మకూడదు, టోకెన్ తీసుకోకూడదు. ఆ నంబరు కోసం రెండు వైపులా వెతికాను, లేదు.

ఇక విమానాశ్రయం. నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌స్ట్రిప్ దశాబ్దాలుగా మూతపడి ఉంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం అడ్డు తొలగి, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్రం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. వార్త నిజమే, నాకూ సంతోషమే. కానీ ఇది వరంగల్‌లో అందరూ చదివిన వార్త. అమ్మేవాడు మీకంటే ముందే చదివి, గజం ధరలో కలిపేశాడు. పైగా విమానాశ్రయం చుట్టూ ఇళ్ల ఎత్తుకు పరిమితులు ఉంటాయి. ఆ సర్వే నంబరు భూసేకరణలో గానీ, రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో గానీ ఉందేమో ఎవరైనా చూశారా?

వార్తకూ పునాదికీ, పునాదికీ పనికీ మధ్య ఎంత కాలం పడుతుందో కాజీపేట వారికి నేను చెప్పాలా? కోచ్ ఫ్యాక్టరీ మాట 1980ల నాటిది. ఫ్యాక్టరీ కపుర్తలాకు వెళ్లింది. ఇక్కడ రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన 2023 జూలైలో జరిగింది. ఆ మధ్యకాలంలో ఆశ మీద స్థలాలు కొన్నవాళ్లు మీ సహోద్యోగుల్లోనే ఉండి ఉంటారు, అడిగి చూడండి.

ఇప్పుడు లెక్క. ప్లాటు 24 లక్షలు. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయిస్తే 7.5 శాతం, అంటే 1.8 లక్షలు. ఈ మొత్తం ఎక్కడినుంచో మీరు రాయలేదు. బంగారం అప్పు 9 శాతానికి దొరికినా ఏడాదికి 54 వేల వడ్డీ. మీ 18 లక్షల మీద పోయే వడ్డీ, కింద చెప్పే పద్ధతిలో, ఏడాదికి 1.41 లక్షలు. ఐదేళ్లకు ఈ రెండూ కలిపి 9.75 లక్షలు. ప్లాటు ధర, రిజిస్ట్రేషన్ కూడా కలిపితే, ఐదేళ్ల తర్వాత గజం 18 వేలకు చేరువైతే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అప్పటికి కొనేవాడు దొరకాలి. అతను చెక్కు తీసుకుని రావాలి.

నేనైతే 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తాను. రేటు 8.2 శాతం, చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఖాతాలో పడతాయి. మీ ఆవిడతో కలిపి ఉమ్మడిగా తెరవండి. మధ్యలో తీస్తే కోత ఉంటుంది కాబట్టి మిగతా 3 లక్షలు ఆస్పత్రి అవసరాలకు బ్యాంకులోనే ఉంచండి, 6 శాతం వచ్చినా చాలు. బంగారం బీరువాలోనే ఉండాలి. దాన్ని కుదువ పెట్టే విషయం ఆవిడకు చెప్పారో లేదో మీరు రాయలేదు, అది నాకు కొంచెం అనుమానంగానే ఉంది.

మేనల్లుడికి కమీషన్ ఉందా అని అడగడం మీకు ఇబ్బందే. ‘రెరా నంబరు తెచ్చాక మాట్లాడదాంరా’ అనండి, చాలు.

టోకెన్ రసీదు విజిటింగ్ కార్డు వెనకాల రాసి ఇచ్చారు, తేదీ కూడా లేదు. డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, ఆ 20 వేల కోసం మిగతా 23.8 లక్షలు కట్టకండి. బ్రోచర్ మాత్రం పడేయవద్దు. రెరాకు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ చీమ తలకాయ అక్షరాలే పనికొస్తాయి.