అక్క కొడుకే అద్దెదారు, అతడే బాకీదారు

ప్రశ్న: నేను విశ్రాంత ఉద్యోగినిని. అయిదేళ్ల క్రితం మేడ మీది వాటాను అక్క కొడుక్కి పదకొండు నెలల ఒప్పందం మీద అద్దెకిచ్చాను. మొదటి ఏడాది అద్దె ఇచ్చాడు. తరువాత మానేశాడు. ప్రోనోటు మీద నా దగ్గర అప్పు కూడా తీసుకున్నాడు. దానికి రెండేళ్ల పది నెలలైంది. పోయిన ఏడాది ఫోను ద్వారా రెండుసార్లు కొంత డబ్బు పంపాడు, ఎందుకన్నది చెప్పలేదు. ఇప్పుడు ‘ఆ వాటా పిన్ని నాకే ఇస్తానంది’ అంటున్నాడు. అక్క అతన్నే వెనకేసుకొస్తూ, అతని బ్యాంకు అప్పుకు నన్ను హామీ సంతకం చేయమంటోంది. నోటు వెనుక చెల్లు (కొంత బాకీ ముట్టిందన్న రాత) నేనే రాసుకోవచ్చని, తాళం మార్చేయమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో ఎక్కువ భాగం మీ అక్క అన్న మాటలే. ప్రోనోటు తేదీ మాత్రం ఒక్క వాక్యంలో, అదీ మూడో పేజీ అడుగున ఉంది. మీ డబ్బు వస్తుందా, పోతుందా అన్నది తేల్చేది ఆ వాక్యమే.

అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రోనోటుకు, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, దావా వేయడానికి గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. మీరు ఎప్పుడు అడిగారన్నది లెక్కలోకి రాదు. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. లాయరు నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని చాలామంది నమ్మకం. ఆగదు. ఆపేది దావా మాత్రమే. లేదా గడువులోపే అతడు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం కావాలి. కొంత చెల్లించి, నోటు వెనుక తన చేతిరాతతో తేదీ వేసి చెల్లు రాసినా చాలు, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లభిస్తాయి.

ఆ చెల్లు అతడే రాయాలి. అతని పేరుతో మీరో, మరొకరో రాస్తే అది ఫోర్జరీ. విలువైన పత్రాల ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహితలో పదేళ్ల వరకు, ఆపైన యావజ్జీవం దాకా శిక్ష ఉంది. నోటు మీద తేదీ దిద్దినా, ప్రోనోట్లు, చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షన్ కింద నోటే చెల్లకుండా పోతుంది. బాకీ ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారుగా, మీరు ముద్దాయిగా నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

తాళం సంగతీ అంతే. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు అతడు దావా వేసి వాటాను తిరిగి పొందగలడు. ఇల్లు నాదన్న మీ వాదన ఆ దావాలో పనికిరాదు.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. అద్దెకు రసీదు లేదు, ఒప్పందం తిరిగి రాయించలేదు, అద్దెను, అప్పును విడిగా చూపే లెక్క లేదు. ఒక్కో నెల అద్దెకు ఆ నెల నుంచే మూడేళ్లు లెక్క. నాలుగేళ్ల బకాయిలో మొదటి ఏడాదికి ఇప్పటికే కాలదోషం పట్టింది, అంటే దావా గడువు దాటిపోయింది. అయినా ఒక దారి ఉంది. ఏ బాకీ కింద ఇస్తున్నాడో చెప్పకుండా, పరిస్థితులను బట్టి కూడా తెలియకుండా డబ్బు పంపితే, కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ ప్రకారం దాన్ని ఏ బాకీకి జమ కట్టాలో నిర్ణయించేది మీరే. కాలదోషం పట్టిన బాకీకైనా కట్టుకోవచ్చు. ఆ రెండు మొత్తాలను పాత అద్దెకు జమ కట్టి, ఆ సంగతి రిజిస్టర్డ్ పోస్టులో అతనికి తెలియజేయండి. జమ కట్టాక మళ్లీ అవే మొత్తాలను ప్రోనోటుకు చెల్లుగా చూపకండి.

‘పిన్ని ఇస్తానంది’ అన్న మాటకు భయపడవద్దు. మీరు నిజంగానే అన్నా, స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు కావాలి. పైగా అద్దె ఒప్పందం మీద అతని సంతకం ఉంది. ఆ కాగితం కింద ఇంట్లోకి వచ్చినవాడు, అప్పటికి ఇల్లు మీది కాదని వాదించడానికి వీల్లేదు. మూల ప్రతి మీ దగ్గరే ఉందా? ముందు అది చూసుకోండి.

ఈ వారమే మూల నోటు, ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని న్యాయవాదిని కలవండి. అతనికి పది రోజులు టైమివ్వండి. చెల్లు రాస్తే సరే, లేకపోతే అప్పుకు వెంటనే దావా వేయండి. ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు విడిగా ఇప్పించండి. మీ ప్రాంతంలో అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తే దారి వేరు, ఆ సంగతి న్యాయవాది చూస్తారు.

హామీ సంతకం మాత్రం చేయకండి. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు అతని దగ్గరికే వెళ్లాలన్న నియమం లేదు, నేరుగా మీ మీదికే రావచ్చు. అక్కకు కాదని చెప్పడం కష్టమైతే, దావా నంబరు వచ్చాక అది చూపించండి.