పున్నమి నాడు కనిపించని గుంటలు

ప్రశ్న: అష్టమి రాత్రి మా డాబా మీది నుంచి బైనాక్యులర్‌తో చూస్తే చంద్రుడి మీద గుంటలు స్పష్టంగా కనిపించాయి. పున్నమి నాడు పిల్లలకు చూపిద్దామంటే అవి మాయమై, తెల్లటి చారలు మాత్రమే మిగిలాయి. కారణమేమిటి? ఆకాశం నుంచి రాళ్ళు ఏటవాలుగా కూడా పడతాయి కదా, గుంటలన్నీ గుండ్రంగానే ఎందుకున్నాయి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఖిలా వరంగల్‌లో ఆరుబయట నేల మీద పడి ఉన్న చెక్కడపు రాళ్ళను ఉదయపు ఎండలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూడండి. ఏటవాలు వెలుగులో ప్రతి గీతకూ నీడ పడి శిల్పం లేచి కనిపిస్తుంది; నడినెత్తి ఎండలో అదే రాయి చదునుగా తోస్తుంది. అష్టమి నాడు చంద్రబింబం మధ్యగా సాగే వెలుగుచీకట్ల సరిహద్దు దగ్గర సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు కనుక అక్కడి బిలాల, అంటే మీరు చూసిన గుంటల, గోడలు పొడవైన నీడలు పరుస్తాయి. పున్నమి నాడు సూర్యుడు మన వెనుక వైపు ఉంటాడు, బింబం నడుమ మిట్టమధ్యాహ్నమే, నీడలుండవు.

మీరు చూసిన చారలు ఎక్కువగా దక్షిణార్ధంలోని టైకో బిలానివి అయి ఉంటాయి. దాని వ్యాసం సుమారు 85 కిలోమీటర్లు, వయసు దాదాపు 10.8 కోట్ల సంవత్సరాలని అంచనా. చంద్రుడి లెక్కలో ఇది నిన్నమొన్నటి గాయం. తాకిడికి ఎగిరిపడిన రాతిపొడి వెయ్యి కిలోమీటర్లకు పైగా చారలుగా పరుచుకుంది. సౌరపవనం (సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం), సూక్ష్మ ఉల్కల దెబ్బలకు కాలక్రమంలో నల్లబడవలసిన ఆ పొడి ఇంకా తెల్లగానే ఉంది. టైకో లోపలి గోడలను చూడాలంటే శుక్లపక్ష నవమి, దశమి రాత్రులు అనువైనవి, అయితే చిన్న టెలిస్కోపు ఉంటే మేలు.

ఇక గుండ్రదనం సంగతి. తడిమట్టిలోకి ఏటవాలుగా విసిరిన రాయి కోలగా గుంట చేస్తుంది కనుక మీ సందేహం సహజమే, కానీ బిలం రాయి నొక్కిన గుంట కాదు, పేలుడు తవ్విన గుంట. సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక కిలో రాయిలోని శక్తి, అంతే బరువున్న టీఎన్‌టీ పేలుడు పదార్థంలోని శక్తికి నలభై రెట్లకు మించి ఉంటుంది. నేలను తాకిన క్షణంలో అది విడుదలై, రాయి చాలావరకు కరిగి ఆవిరైపోగా, అక్కడి నుంచి పుట్టిన ఆఘాత తరంగం అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. అందుకే రాయి ఏ దిక్కు నుంచి వచ్చినా గుంట గుండ్రంగానే ఏర్పడి, రాయి కంటే పది ఇరవై రెట్లు పెద్దదిగా ఉంటుంది. దాదాపు నేలను రాసుకుంటూ వచ్చినప్పుడు మాత్రం కోలగా మారుతుంది; మెస్సియర్ అనే బిలం అందుకు ఉదాహరణ. పెద్ద బిలాల నడుమ కనిపించే కొండలు కూడా ఆ దెబ్బకు అణిగిన నేల, చెరువులో రాయి పడ్డాక మధ్యలో నీరు లేచినట్టు, తిరిగి ఉబికి గడ్డకట్టినవే.

మన పెద్దలు చందమామలో చూపించే కుందేలుకూ ఈ కథతో సంబంధముంది. చాలా పెద్ద తాకిడులతో ఏర్పడిన విశాలమైన పల్లాలలోకి తర్వాతి కాలంలో లావా పొంగి నిండి, నల్లటి బసాల్టు మైదానాలుగా మిగిలింది. కుందేలు ఆకారం ఆ మైదానాలదే.

ప్రశ్న: చంద్రుడి మీద ఇన్ని బిలాలుంటే పక్కనే ఉన్న భూమి మీద ఎందుకు లేవు?
— ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: పడలేదని కాదు, నిలవలేదు. చంద్రుడి మీద కిలోమీటరుకు మించిన బిలాలు పది లక్షలకు పైగా ఉండగా, భూమి మీద గుర్తించినవి దాదాపు 200 మాత్రమే. చిన్న రాళ్ళను మన వాతావరణం పైనే కాల్చేస్తుంది. పెద్దవి చేసిన గుంటలను వాన, నదులు, భూఫలకాల కదలిక చెరిపేస్తాయి.

మీకు పొరుగునే, మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో, లోణార్ సరస్సు ఉంది. సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసమున్న ఆ బిలం దక్కన్ బసాల్టులో ఏర్పడింది. చంద్రుడి మైదానాలదీ బసాల్టే కనుక, అక్కడి బిలాలను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు లోణార్‌ను ప్రత్యేకంగా పరిశీలిస్తారు. మీ జిల్లాలో పత్తి పండే నల్లరేగడి చాలావరకు ఆ బసాల్టు చివికి ఏర్పడిందే.