‘వార్ ఫినిష్’ అంటే యుద్ధం అయిపోయిందని కాదు

ప్రశ్న: మా జేజినాయన సైన్యంలో వంతెనలు, దారులు వేసే మద్రాస్ సాపర్స్ దళంలో సుబేదారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోయి వచ్చినాడు. చింద్విన్ నది మీద కలేవా దగ్గర వంతెన వేసేటప్పుడు అక్కడే ఉన్నానని చెప్పేవాడు. ఆయన రివాల్వరు లైసెన్సుతో సహా మా నాయనకు వచ్చింది. నాయన సంక్రాంతికి ముందు పోయినాడు. ఇప్పుడది బీరువాలో, అమ్మ చీరల కింద తోలు పౌచ్‌లో ఉంది. ఏటా దసరాకు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోస్తుంది. దాని మీద ‘మార్క్ 4, పాయింట్ 38, 145/200’ అని, పక్కన ‘వార్ ఫినిష్’ అని ఉంది. యుద్ధం ముగిసిన రోజు తయారైందని నాయన అనేవాడు. ఒక రేకు డబ్బాలో నాలుగు తూటాలు కూడా ఉన్నాయి. ఈ దసరాకు తోటలో రెండన్నా పేల్చాలని మా తమ్ముడి పట్టు. వెల్డింగ్ షాపులో గొట్టం మూయించి అద్దాల షోకేసులో పెడదామని నేను. ఎవరి మాట సరి?
– ఒక టీచరమ్మ, తాడిపత్రి

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా.

ముందు మీ నాయన మాట సంగతి. మీ దగ్గరున్నది బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన ఆరు తూటాల రివాల్వరు. యుద్ధకాలంలో సైన్యానికి ఆయుధాలు తొందరగా కావల్సి వచ్చి, పైపాలిష్ తగ్గించి పంపినారు. గరుకుగా ఉందని తమ పేరు చెడకుండా ‘ఇది యుద్ధకాలపు పనితనం, మన్నించండి’ అన్నట్టు ‘వార్ ఫినిష్’ ముద్ర కొట్టినారు. 145, 200 అన్నవి బుల్లెట్ బరువులు, గ్రెయిన్లలో. 200 గ్రెయిన్లంటే సుమారు 13 గ్రాముల సీసం. మీ నాయన చెప్పిందే బాగుందని నాకూ అనిపించింది గానీ, ఇనుము మీద రాత మరోటి చెబుతా ఉంది.

ఇక తమ్ముడి దగ్గరికి వస్తాను. నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగు చేసేవాడిగా, 20 ఏళ్లు చేసినాను, తుపాకి పేల్చకూడదనే మనిషిని కాను. కానీ ఆ నాలుగు తూటాలు మాత్రం వద్దు. ఆ కాలపు తూటాల్లో, ముఖ్యంగా సైన్యానికి చేసినవాటిలో, నిప్పు రాజేసే మందు పేలినాక ఉప్పు లాంటి పదార్థం వదిలేది. అది గాలిలో తేమను పీల్చి గొట్టం లోపల తుప్పు పట్టిస్తుంది. పేల్చిన రోజే వేన్నీళ్లతో కడగకపోతే గొట్టం పోయినట్టే. అది చిన్న నష్టం. పెద్దది వేరే ఉంది. చేరిన కొత్తలో ఒక పాత రివాల్వరు పరీక్షిస్తా ఉంటే మొదటి తూటా ‘టప్’మని చిన్నగా మోగింది. మందు సగమే అంటుకుంది, బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంది. శబ్దంలో తేడా పట్టించుకోకుండా రెండోది నొక్కినాను. మేకను మింగిన కొండచిలువ లాగ ఉబ్బింది గొట్టం. నా వేళ్లు పది అట్లే ఉండాయి, అది నా గొప్ప కాదు. కొత్త తూటాలు కొనుక్కుందామంటే ఈ రకం అంగట్లో దొరికేది కాదు. పైగా పండగకో పెళ్లికో సరదాగా పేల్చి మనుషుల ప్రాణం మీదికి తెస్తే, ఆయుధాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అయినా ఇవన్నీ తర్వాతి మాటలు. మీరు అడగని సంగతి ఒకటుంది. లైసెన్సు మీ నాయన పేరు మీద కదా? ఆయన పోయినాక అది బీరువాలో ఉండడమే తప్పు. ఈ పాయింట్ 38 సైన్యం వాడిన గొట్టం కొలత గనక నిషేధిత రకం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా దాన్ని దగ్గర పెట్టుకుంటే ఏడేళ్లకు తక్కువ కాకుండా, 14 ఏళ్ల దాకా శిక్ష. జేజినాయన గుర్తు అంటే జడ్జి వినడు. 1959 ఆయుధాల చట్టమే దారి కూడా చూపింది: ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలో గానీ, లైసెన్సున్న తుపాకుల డీలరు దగ్గర గానీ జమ చేయాల. తమ్ముడు దాన్ని బైకు డిక్కీలో వేసుకుని బయల్దేరకుండా చూడండి. నాయన లైసెన్సు, మరణ ధ్రువపత్రం పట్టుకొని ముందు రివాల్వరు లేకుండా పోయి ఎస్సైతో మాట్లాడి, ఆయన చెప్పినట్టు తెచ్చివ్వమనండి. రసీదు మీద రివాల్వరు నంబరు, తూటాల లెక్క రాయించుకోండి.

జమ చేసినాక వారసుల లైసెన్సుకు అర్జీ పెట్టండి. 2016 ఆయుధాల నిబంధనల్లో ఆ వీలుంది. కాగితాలు కలెక్టరాఫీసు గుండా పోయినా, నిషేధిత రకం గనక తేల్చేది కేంద్ర హోంశాఖ. మీలో ఒకరి పేరు మీద పెట్టి, మిగిలిన వాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాల. తమ్ముడి పేరు వద్దని నా సలహా, కోపం వద్దు.

వెల్డింగ్ మాట మరిచిపోండి. తుపాకిని మార్చడానికి, బాగు చేయడానికి కూడా లైసెన్సున్నవాడే కావాల. మూసిన గొట్టంతో అది చరిత్ర కాదు, తుక్కు. షోకేసు అంతకన్నా వద్దు. ‘ఆ ఇంట్లో రివాల్వరుంది’ అన్న మాట మన సీమలో ఊరు దాటితే ఏమవుతుందో మీకు నేను చెప్పాల్నా?

పసుపు కుంకుమ తేమను పట్టి ఉక్కును తింటుంది, తోలు పౌచ్ కూడా అంతే. జమ చేసే ముందు పౌచ్‌లోంచి తీయండి. ఎడమ పక్క మీట బొటనవేలితో నొక్కితే పైనుంచి మడిచినట్టు తెరుచుకుంటుంది. తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీయేనా చూసి, మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, కుట్టు మిషను నూనె పలచగా రాయండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు, జిగటై కూర్చుంటుంది. అమ్మను ఈ దసరాకు జేజినాయన ఫోటోకు బొట్టు పెట్టమనండి.

లైసెన్సు రాకపోతే బెంగళూరులో మద్రాస్ సాపర్స్ మ్యూజియం ఉంది, రాసి అడగండి. కలేవా వంతెన 1944 డిసెంబరులో వేసింది, 1154 అడుగుల బెయిలీ వంతెన, అంటే ఉక్కు ముక్కలు తెచ్చి అక్కడే బిగించేది. ఆ రోజుల్లో ఆ రకంలో ప్రపంచంలోనే పొడవైనది. దాని దగ్గర నిలబడిన మనిషి రివాల్వరు అంటే వాళ్లకు విలువ తెలుస్తుంది. అయితే ఆ మనిషిదే అని చూపేది ఇనుము కాదు, ఆయన డిశ్చార్జి బుక్కు, పాత లైసెన్సు పుస్తకం. ఠాణాలో జెరాక్సులు ఇచ్చి, అసలువి మీ దగ్గరే పెట్టుకోండి.