ఒలింపిక్ పతకం లేకపోతే జూడో కెరీర్ గొప్పది కాదా? నటాలీ పావెల్ గురించి అడిగినవారికి

మీరు అడిగినవి రెండు. వేల్స్ అమ్మాయి నటాలీ పావెల్ ప్రపంచ నంబర్ వన్ అయిందంటారు, ఒలింపిక్ పతకం మాత్రం లేదు, మరి అది పెద్ద కెరీర్ అనుకోవాలా? ఒకచోట వేల్స్ అనీ ఇంకోచోట బ్రిటన్ అనీ ఎందుకు రాస్తారు?

నన్నడిగితే చాలా పెద్ద కెరీరే. నేను హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో జూడో ఆడాను. ఇప్పుడు వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉద్యోగం. సాయంత్రాలు ఇక్కడి క్లబ్‌కి వెళ్తుంటాను. కాబట్టి నేను చెప్పేది మ్యాట్ మీద నుంచి కనిపించే సంగతి, పతకాల పట్టిక చూసి చెప్పేది కాదు.

ముందు రెండో ప్రశ్న. వేల్స్ బ్రిటన్‌లో ఒక భాగం. ఒలింపిక్స్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, యూరోపియన్ పోటీల్లో వేల్స్‌కి విడిగా జట్టు ఉండదు, గ్రేట్ బ్రిటన్ పేరుతోనే దిగాలి. సొంత జెండాతో ఆడే పెద్ద వేదిక కామన్వెల్త్ క్రీడలు. అక్కడ కూడా జూడోని ప్రతిసారీ పెట్టరు. పతకాల క్రీడగా 1990లో పెట్టారు, తర్వాత 2002, 2014, 2022. పావెల్ 1990లో పుట్టింది. 2002కి ఇంకా బడిపిల్ల. అంటే 2014 గ్లాస్గో తప్పితే మళ్ళీ ఎనిమిదేళ్ళు ఆగాలి.

ఆ గ్లాస్గోలోనే 78 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఎదురు నిలిచింది ఇంగ్లండ్‌కి చెందిన జెమ్మా గిబ్బన్స్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే బరువులో రజతం తెచ్చిన మనిషి. కామన్వెల్త్‌లో వేల్స్, ఇంగ్లండ్ అని విడివిడిగా ఆడారు గానీ, మిగతా ఏడాదంతా ఇద్దరిదీ ఒకే జట్టు. ఒలింపిక్స్‌కి ఒక్కో బరువులో దేశానికి ఒక్కరే. 2016 రియో ఒలింపిక్స్‌కి 78 కిలోల్లో బ్రిటన్‌కి ఒకటే సీటు, పోటీలో ఉన్నది ఒలింపిక్ రజత విజేత. చివరికి వెళ్ళింది పావెల్.

బయటివాళ్ళకి ఇది మామూలు సెలెక్షన్ గొడవలా అనిపించొచ్చు. ఆడినవాళ్ళకి తెలుస్తుంది ఎంత టెన్షనో. రాష్ట్ర స్థాయి సెలెక్షన్స్‌లో నాకు వేరే జిల్లా వాళ్ళంటే అంత భయం ఉండేది కాదు, మా హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయంటేనే భయం. రోజూ కలిసి ప్రాక్టీస్ చేసేవాళ్ళం. నా కుడి చెయ్యి కాలర్ మీదికి ఎప్పుడు వెళ్తుందో నాకంటే ముందు దానికి తెలిసేది. పట్టు దొరక్కపోతే త్రో లేదు, త్రో లేకపోతే షిడోలు, అంటే పెనాల్టీలు. మూడు షిడోలు పడితే ఇంటికే.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. పావెల్ పెరిగింది పొవిస్ కౌంటీలో బిల్త్ వెల్స్ వైపు. వై నది పక్కన చిన్న ఊరు, రాయల్ వెల్ష్ షో అనే పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగే చోటు. అలాంటి ప్రాంతంలో 78 కిలోల అమ్మాయికి అదే బరువున్న అమ్మాయిలు ప్రాక్టీస్‌కి ఎక్కడ దొరుకుతారు? ఇంత పెద్ద కార్డిఫ్‌లోనే మా క్లబ్‌లో బరువైన ఆడపిల్లలు మగపిల్లలతోనే ర్యాండోరి (ప్రాక్టీస్ కుస్తీ) చేస్తారు. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో ఆ సమస్య ఉండదు.

ఇక నంబర్ వన్ సంగతి. 2017లో బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమెకి వచ్చింది కాంస్యం, స్వర్ణం బ్రెజిల్‌కి చెందిన మైరా అగియార్‌ది. అయినా అదే ఏడాది ర్యాంకింగ్‌లో పైకెక్కింది పావెల్. ఇందులో మతలబు ఏమీ లేదు. ప్రపంచ టైటిల్‌కి 2000 పాయింట్లు, గ్రాండ్ స్లామ్ అనే అంతర్జాతీయ టోర్నీల్లో స్వర్ణానికి 1000, వాటికంటే చిన్నవైన గ్రాండ్ ప్రీ టోర్నీల్లో 700. ఏడాది దాటితే ఆ పాయింట్లు సగమైపోతాయి. కాబట్టి ఒక్కరోజు బాగా ఆడితే చాలదు. ఖండాలు తిరుగుతూ, బరువు అదుపులో పెట్టుకుంటూ, దెబ్బలు మాననివ్వకుండానే మళ్ళీ దిగాలి. బ్రిటన్ మహిళల్లో ఈ ర్యాంకింగ్‌లో మొదటి స్థానానికి చేరిన తొలి జూడోకా ఆమే.

రియోలో ఏడో స్థానం. వినడానికి చప్పగా ఉంటుంది. జూడోలో ఏడో స్థానమంటే క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి, అక్కడ ఓడి, రెపిచేజ్‌లో (ఓడినవాళ్ళకి కాంస్యం కోసం ఇచ్చే రెండో అవకాశంలో) కూడా ఓడటం. కాంస్యాలు రెండు ఇస్తారు కాబట్టి, ఆ రెపిచేజ్ బౌట్, దాని తర్వాతది గెలిచుంటే మెడలో పతకమే. ఒలింపిక్ జూడోలో దిగిన మొదటి వేల్స్ మహిళ కూడా ఆమే. టోక్యోకీ వెళ్ళింది, అక్కడ కలిసి రాలేదు. నాలుగు నిమిషాల బౌట్‌లో ఒక ఇప్పోన్ (బౌట్‌ని అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింట్) పడితే నాలుగేళ్ళ కష్టం అక్కడితో సరి. ఆ ఒక్కరోజుతో మొత్తం కెరీర్‌ని కొలవడం నాకైతే నచ్చదు.

మన సంగతి చూడండి. లండన్‌కి గరిమా చౌదరి, రియోకి అవతార్ సింగ్, టోక్యోకి సుశీలా దేవి, పారిస్‌కి తులికా మాన్. ఒక్కో ఒలింపిక్స్‌కి భారత్ నుంచి ఒక్కరే. పావెల్ స్వర్ణం గెలిచిన గ్లాస్గోలోనే సుశీల 48 కిలోల్లో రజతం తెచ్చింది. మన దగ్గర అప్పుడు ఎంతమంది పట్టించుకున్నారు?

మీరు ఆమె ఆట చూడాలనుకుంటే 2014 గ్లాస్గో ఫైనల్‌తో మొదలుపెట్టి, తర్వాత 2017 బుడాపెస్ట్ బౌట్లు చూడండి. కొత్తగా చూసేవాళ్ళు ఎవరు ఎవర్ని ఎత్తి పడేస్తారా అని కాళ్ళవైపే చూస్తారు. మొదటి అర నిమిషం చేతుల్ని చూడండి. ఎవరి పట్టు నిలిచిందో గమనిస్తే బౌట్ ఎటు పోతుందో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది.