బిల్లు తీసేసినా జాడ ఉండాలి

ప్రశ్న: దేవరకొండలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం నా పేరు మీదే నడుస్తోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూపే జాడ) లేని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చెల్లదని, కొత్త వెర్షన్ కొనాల్సిందేనని అమ్మకందారు ఒత్తిడి చేస్తున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: ఆ తేదీ కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలకు. సొంత దుకాణానికీ, భాగస్వామ్యానికీ అది వర్తించదు. అట్లని నిశ్చింతగా ఉండొద్దు. జీఎస్టీ నియమం 56(8) మీకూ ఉంది. కంప్యూటర్లో లెక్కలు రాసేవాళ్లు మార్చిన, తీసేసిన ప్రతి పద్దుకూ లాగ్ ఉంచాలని అది చెబుతుంది. కాబట్టి కొనే ముందు మీరే పరీక్షించండి. ఒక బిల్లు కొట్టి, అందులోని రూపాయల మొత్తాన్ని మార్చి, తర్వాత డిలీట్ చేయండి. పాత మొత్తం ఎంత, ఎవరు మార్చారు, ఎప్పుడు అన్నది కనిపించాలి. ఆ నంబరు మళ్లీ తర్వాతి బిల్లుకు వస్తే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

తప్పు బిల్లును డిలీట్ చేయకండి, క్యాన్సిల్ చేయండి. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో 13వ పట్టికలో మొదటి నంబరు, చివరి నంబరు, క్యాన్సిలైనవి ఎన్ని అన్నది చూపించాలి. మధ్యలో నంబర్లు మాయమైతే అక్కడే దొరికిపోతారు. సరుకు రైతు ఇంటికి చేరాక తిరిగొస్తే క్యాన్సిల్ కాదు, క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలుపెట్టండి. రెండు కౌంటర్లుంటే ముందక్షరం వేరు చేయండి.

మన దగ్గర ఎక్కువ చిక్కు తెచ్చేది యూరియా ధర. 45 కిలోల బస్తా 266.50 రూపాయలు, పన్నుతో కలిపి. ధరను పన్ను లేనిదిగా ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ దానిమీద మళ్లీ 5 శాతం వేస్తుంది. ‘పన్నుతో కలిపి’ అని పెడితే 253.81 సరుకు విలువ, 12.69 పన్నుగా విడగొడుతుంది. రౌండాఫ్ (పైసలను దగ్గరి రూపాయికి సర్దడం) ఆన్‌లో ఉంటే ఒక్క బస్తా బిల్లు 267 అవుతుంది. అర్ధరూపాయే అయినా గరిష్ఠ ధర దాటినట్టే. ఎరువుల బిల్లులకు రౌండాఫ్ ఆపేయండి.

ఉద్దెర అమ్మకాల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. వానాకాలంలో బస్తాలిచ్చి, బిల్లు కాని ‘ఎస్టిమేట్’ చీటీ కింద దాచి, రైతు పత్తి అమ్మి డబ్బు తెచ్చినప్పుడు బిల్లు కొడతారు. సరుకు దుకాణం దాటిన రోజే బిల్లు పడాలి. సబ్సిడీ ఎరువైతే ఆధార్ వేలిముద్రతో ఈపాస్ మిషన్లో అమ్మకం కూడా ఆ రోజే పడాలి. లేకుంటే మిషన్ లెక్కలో బస్తాలుండి గోదాములో ఉండవు. వ్యవసాయాధికారి తనిఖీకొస్తే మొదట చూసేది ఆ తేడానే.

డేటాను రోజూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, దాన్ని దుకాణంలో ఉంచకండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. 2025-26 లెక్కలు 2032 డిసెంబరు 31 దాకా ఉండాలన్నమాట.

ప్రశ్న: విత్తనాలకు పన్ను లేదు, పురుగుమందులకు 18 శాతం. ఒకే రైతు రెండూ కొంటే రెండు బిల్లులివ్వాలా? (నాగర్‌కర్నూల్)

జవాబు: అక్కర్లేదు. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారుకు నియమం 46ఏ ప్రకారం ‘ఇన్వాయిస్ కమ్ బిల్ ఆఫ్ సప్లై’ పేరుతో ఒకే బిల్లు చాలు. విత్తనాన్ని సాఫ్ట్‌వేర్లో పన్ను మినహాయింపు సరుకుగా విడిగా నమోదు చేయండి. లాట్ నంబరు, మందుకైతే బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లు మీద అచ్చయ్యేలా చూడండి. మొలక రాలేదని రైతు వస్తే కంపెనీని అడగడానికి మీ ఇద్దరికీ ఆధారం ఆ నంబరే.