మామూలు ఫోనా, ప్రత్యేక పరికరమా?

ప్రశ్న: మా అబ్బాయికి చూపు లేదు. ఇంటర్లో చేరుతున్నాడు. బ్రెయిలీ పరికరం కొనమని మా బావగారు, ఫోన్ చాలని వాడు. మీరేమంటారు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఫోనే కొనండి. నాకూ చూపు లేదు. వాట్సాప్, పేపరు, కరెంటు బిల్లు అన్నీ ఆండ్రాయిడ్‌లో ఉండే టాక్‌బ్యాక్‌తోనే నడుస్తున్నాయి. వేలు ఆనిన చోట ఏముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. దానికి విడిగా పైసా కట్టక్కర్లేదు. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ యాప్ వేయించండి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కంప్యూటరుకు, తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రామూ ఉచితమే. ఇవన్నీ ఉండగా మాట్లాడే గడియారాలూ అవీ దండగ!

అలాగని బ్రెయిలీ మానిపించకండి. వింటే పాఠం అర్థమవుతుంది గానీ, ‘విశేషం’లో శ ఎక్కడో ష ఎక్కడో చెవికి సరిగ్గా అందదు. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు, వాటికి 1 నుంచి 6 దాకా అంకెలు. అందులో శకు 1, 4, 6 చుక్కలు లేస్తాయి, షకు 1, 2, 3, 4, 6. వేలికి తేడా ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు కుదిరినప్పుడు ఆర్బిట్ రీడర్ 20 లాంటిది చూడండి. బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది, తెర మీది అక్షరాలు 20 గళ్ళలో చుక్కలై లేస్తాయి.

ఫోన్ కొనేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్ళండి. షాపులోనే టాక్‌బ్యాక్ ఆన్ చేయించి వాడితో వాడించి చూడండి. కొన్ని చవక ఫోన్లలో వేలు పెట్టిన చాలాసేపటికి గానీ మాట రాదు.