ఏ ప్లాస్టిక్‌కి ఏ జిగురు?

ప్లాస్టిక్ కిట్లతో చిన్న చిన్న భవనాలు కట్టేవాళ్లు ఈసారి పంపిన ప్రశ్నల్లో చాలావరకు జిగురు గురించే ఉన్నాయి. కొన్నింటిని ఇక్కడ తీసుకున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: 1:87 స్కేల్‌లో రెండంతస్తుల రైల్వే స్టేషన్ కట్టాను. గోడలన్నీ సూపర్ గ్లూతో అతికించాను. అప్పుడు గట్టిగానే అనిపించింది. కొన్ని వారాలకే మూలల దగ్గర గోడలు ఊడి వచ్చాయి. ఇంతకన్నా పవర్‌ఫుల్ సూపర్ గ్లూ ఏదైనా ఉందా?

ఇంకో సూపర్ గ్లూ కోసం వెతకొద్దండీ. మీ కిట్‌కి కావాల్సింది వేరే రకం జిగురు.

భవనాల కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో వస్తాయి. దీనికి సాల్వెంట్ సిమెంట్ వాడాలి. ప్లాస్టిక్ సిమెంట్ అని అమ్మేది కూడా ఇదే. ఇది రెండు ముక్కల్నీ పైపైన కరిగిస్తుంది. అంచులు మెత్తబడి, అటు ప్లాస్టిక్ ఇటు, ఇటు ప్లాస్టిక్ అటు కలిసిపోతుంది. సాల్వెంట్ గాల్లోకి ఎగిరిపోయాక అక్కడ జిగురంటూ ఏమీ మిగలదు. రెండు ముక్కలూ ఒకటే అయిపోయి ఉంటాయి.

సూపర్ గ్లూ, అంటే సయనోఅక్రిలేట్, అలా పని చెయ్యదు. ముక్కల మీదా గాల్లోనూ ఉండే కొద్దిపాటి తడి తగిలి గట్టిపడి, రెండింటి మధ్యా మూడో పొరగా నిలుస్తుంది. నేరుగా లాగితే బాగానే ఆగుతుంది. పక్క నుంచి దెబ్బ తగిలినా, ఒక అంచు పట్టుకుని ఒలిచినట్టు లాగినా పుటుక్కున విడిపోతుంది. భవనం గోడ చూస్తే సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అచ్చులోంచి వచ్చేటప్పుడే కాస్త వంగి ఉంటే, మీరు నొక్కిపెట్టి అతికించినా ఆ వంపు మూలను లాగుతూనే ఉంటుంది. మీ స్టేషన్ మూలలు ఊడటానికి కారణం బహుశా ఇదే.

మళ్లీ కట్టే ముందు పాత సూపర్ గ్లూ పూర్తిగా గీకేయాలి. ఎండిన గ్లూ పొరను దాటి సాల్వెంట్ లోపలికి వెళ్లలేదు. ఇంకా ఊడని మూలలు ఉంటే మోడల్‌ని కవర్లో పెట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. చలికి సూపర్ గ్లూ ఇంకా పెళుసుబారి సులువుగా విడుతుంది. తర్వాత చదునైన పలక మీద ఉప్పు కాగితం పరిచి, రెండు అంచులనూ దాని మీద తేలిగ్గా రుద్దండి.

ఇప్పుడు పట్టించే పద్ధతి. గోడలకు ముందుగా ఏమీ రాయొద్దు. మూలమట్టానికి ఆనించి రెండు గోడల్నీ పొడిగానే కలిపి పట్టుకోండి. పల్చటి సిమెంట్‌లో ముంచిన బ్రష్‌ని లోపలివైపు సందుకు అలా తాకించండి. సందు సన్నగా ఉంటే ద్రవం దానంతట అదే కింద నుంచి పైదాకా పాకిపోతుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. కొన్ని సెకన్లలో పట్టు వస్తుంది, కానీ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేయండి. తొందరపడి ఆ రోజే అతుకును రుద్ది నున్నగా చేస్తే, మిగిలిన సాల్వెంట్ ఆరాక ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. అప్పుడు పెయింట్ కింద సన్నటి గాడి మళ్లీ తేలుతుంది.

వేళ్లు మాత్రం సందుకు దూరంగా పెట్టుకోండి. ద్రవం వేలి కిందికి పాకితే ఇటుక వరసల మీద మీ వేలిముద్ర అచ్చుపడుతుంది. మాస్కింగ్ టేప్ కిందికీ అలాగే పాకుతుంది కాబట్టి గోడల్ని పట్టి ఉంచడానికి సందు మీద టేపు వెయ్యకుండా క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు వాడండి. పొరపాటున గోడ మీద చుక్క పడితే తుడవొద్దు. తుడిస్తే మెత్తబడిన ప్లాస్టిక్ అంతా అలుక్కుపోతుంది. ముట్టుకోకుండా ఎండనిస్తే చాలాసార్లు మచ్చ కూడా కనిపించదు.

ప్రశ్న: ట్యూబులో వచ్చే చిక్కటి సిమెంట్, బ్రష్ సీసాలో వచ్చే పల్చటిది, సూది మొన ఉన్నది... వీటిలో ఏది కొనాలి?

ఒకటే కొనగలిగితే పల్చటిది కొనండి. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. అందులో ఉండేవి అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. మూతకే సన్నటి బ్రష్ ఉంటుంది.

సూది మొన ఉన్నవి, రెవెల్ కాంటాక్టా ప్రొఫెషనల్ లాంటివి, కొంచెం చిక్కగా ఉంటాయి. పైకప్పులు, పొడవాటి నేల పలకలు పెట్టేటప్పుడు సర్దుకోవడానికి కాస్త టైమ్ కావాలి కదా, అక్కడ ఇవే నయం. సూది మూసుకుపోతే సన్నటి తీగ గుచ్చి తీయండి. అగ్గిపుల్లతో కాల్చే అలవాటు కొందరికి ఉంది. సాల్వెంట్ పక్కన నిప్పు పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ట్యూబులో వచ్చే చిక్కటి దాన్ని భవనాలకు నేను సిఫార్సు చెయ్యను. అందులో పాలీస్టైరీన్‌ని ముందే కరిగించి ఉంచుతారు కాబట్టి తీగలు సాగుతుంది, కిటికీ చట్రాల మీద పడుతుంది. సందులు పూడ్చడానికి చిక్కటిది కావాలనుకుంటే మీరే చేసుకోవచ్చు. కిట్‌లో మిగిలిన స్ప్రూని (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని) చిన్న ముక్కలు చేసి, పల్చటి సిమెంట్ కొద్దిగా పోసిన ఖాళీ సీసాలో వేసి ఒక రాత్రి వదిలేయండి. అది గోడ ప్లాస్టిక్కే కాబట్టి ఆరాక గోడతో పాటే నున్నగా రుద్దుడు పడుతుంది.

ప్రశ్న: పెద్ద గోడ వంగకుండా లోపల ఇంకో ప్లాస్టిక్ షీట్ అతికించాను. నెల తిరిగేసరికి ఇంకా ఎక్కువ వంగింది. ఎందుకు?

రెండు షీట్ల మధ్య సాల్వెంట్ చిక్కుకుపోయింది. బయటికి పోయే దారి లేక ప్లాస్టిక్‌ని లోపల్నించి మెత్తబరుస్తూ, నెమ్మదిగా ఆరుతూ, ఆరినవైపుకి లాగేసింది. షీట్ మీద షీట్ తప్పనిసరైతే వెనక షీట్‌కి అక్కడక్కడా సన్నటి రంధ్రాలు వేసి, సిమెంట్ తక్కువగా పెట్టండి. అసలు గోడ నిటారుగా ఉండాలంటే షీట్ కన్నా చదరపు పుల్లలు మేలు. లోపలివైపు అడ్డంగా రెండు, మూలల్లో నిలువుగా ఒక్కొక్కటి చాలు.

ఇంకో సంగతి. పైకప్పు వేసేశాక లోపలి సాల్వెంట్ ఆవిరి బయటికి పోలేదు. గోడలు, అంతస్తులు పూర్తిగా ఆరిన తర్వాతే పైకప్పు పెట్టండి.

ప్రశ్న: కిటికీ అద్దాలు పెట్టిన మర్నాటికి తెల్లగా మంచు పట్టినట్టు అయిపోయాయి. తుడిస్తే పోవట్లేదు.

సూపర్ గ్లూ ఆవిరే కారణం. ఆ ఆవిరి చుట్టుపక్కల తడితో కలిసి గట్టిపడి తెల్లటి పొడిలా అద్దం మీద పేరుకుంటుంది. నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న మోడల్‌లో ఆవిరి పోయే దారి ఉండదు కాబట్టి భవనాలకు ఈ బెడద ఎక్కువ.

కిటికీలకు పీవీఏ తెల్ల జిగురు వాడండి. చట్రం లోపలి అంచుకి పుల్లతో సన్నగా రాసి అద్దం ఆనించండి. ఎండాక పారదర్శకంగా అయిపోతుంది. ఎక్కువైతే తడి దూదిపుల్లతో తుడిచెయ్యొచ్చు. పట్టు కొంచెం తక్కువే, కానీ అద్దం మీద ఏ బరువూ పడదు కదా. పారదర్శక పాలీస్టైరీన్ అద్దాలకు సాల్వెంట్ సిమెంట్ కూడా వద్దు, వెంట్రుకవాసి బీటలు పడతాయి. అద్దాలు ఎప్పుడూ పెయింట్ పని అయిపోయాకే పెట్టండి. మీ పాత అద్దాలు తీసేసి కొత్త షీట్ కత్తిరించుకోవడమే సులువు.

ప్రశ్న: గోడలకు ముందే రంగు వేశాను. ఇప్పుడు ఇత్తడి రెయిలింగ్, రెజిన్ పొగగొట్టం పెట్టాలి. కొన్ని ముక్కలకు ఏ సిమెంటూ పట్టట్లేదు.

రంగు ఉన్నచోట సాల్వెంట్ పని చెయ్యదు. మీరు అతికించేది రంగు పొరనే అవుతుంది, గోడను కాదు. అతుకు వచ్చే చోట బ్లేడుతో రంగు గీకండి.

ఇత్తడి, రెజిన్ (అచ్చులో ద్రవంగా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్) సాల్వెంట్‌కి కరగవు. సూపర్ గ్లూ అసలైన చోటు ఇక్కడే. రెయిలింగ్ కాళ్లకు జెల్ రకం పుల్లమొనతో పెట్టండి. పొగగొట్టం బరువుగా ఉంటే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ మంచిది. వీలుంటే రెండింటికీ రంధ్రం వేసి మధ్యలో తీగ ముక్క దించండి. రెజిన్‌కి అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటుంది, ముందు సబ్బునీళ్లతో కడగాలి.

ఏ సిమెంటూ పట్టని ముక్కలు బహుశా పాలీఎథిలీన్ లేదా పాలీప్రొపిలీన్. చేతికి జారుడుగా తగులుతాయి. అనుమానంగా ఉంటే చిన్న ముక్కను నీళ్లలో ముంచి, అంటుకున్న బుడగలు దులిపి వదలండి. ఈ రెండూ తేలతాయి. పాలీస్టైరీన్, కొన్ని కిట్లలో వచ్చే ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్ మునుగుతాయి. తేలే వాటిని ఏ జిగురూ సరిగ్గా పట్టదు. పిన్నుతోనో గాడితోనో బిగించండి, లేదా అదే ముక్కను స్టైరీన్‌లో (అంటే పాలీస్టైరీన్‌లోనే) చేసుకోండి. స్ప్రూ మీద ఏబీఎస్ అని అచ్చువేసి ఉంటే దానికి ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే సాల్వెంట్ ఉన్న ఘాటైన సిమెంట్ కావాలి. మామూలు స్టైరీన్ సిమెంట్ దాని మీద బలహీనంగా పడుతుంది.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఈ వాసనలంటే టెన్షన్‌గా ఉంది. ప్రమాదం లేనిది ఏదైనా ఉందా?

మీ టెన్షన్ సబబైనదే. లిమొనీన్‌తో చేసే సిమెంట్‌కి నారింజ తొక్క వాసన ఉంటుంది, ఘాటు తక్కువ. మెల్లగా పడుతుంది, అతుకును ఎక్కువసేపు పట్టుకోవాలి. అది కూడా మండేదే, కొందరి చర్మానికి పడదు. కాబట్టి పిల్లలకు అందకుండా పెట్టడం మానొద్దు.

అసిటోన్, ఎంఈకే ఆవిర్లు గాలి కన్నా బరువు. బల్ల మీదుగా జారి నేలకు చేరతాయి. అసిటోన్‌కి సున్నాకి దిగువ 20 డిగ్రీల దగ్గర కూడా నిప్పు అంటుకుంటుంది. కాబట్టి గదిలో దీపం, స్టవ్, సిగరెట్ ఏవీ ఉండకూడదు. కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి మీ వెనక నుంచి బయటికి పోయేలా కూర్చోండి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. నైట్రైల్ గ్లవ్స్ కూడా ఈ రెండింటినీ ఎంతోసేపు ఆపలేవు, తడిస్తే వెంటనే తీసేయండి. సీసా ఒరగకుండా బరువైన చెక్కలో గుంట చేసి అందులో నిలబెట్టండి.

డైక్లోరోమీథేన్ ఉన్న సిమెంట్‌ని మాత్రం ఇంట్లోకి తేవొద్దు. ఏబీఎస్‌నీ యాక్రిలిక్‌నీ చక్కగా అతికిస్తుందని పాతవాళ్లు మెచ్చుకుంటారు. కానీ అది శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, క్యాన్సర్ ప్రమాదమూ ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో గృహ వినియోగదారులకు దాని అమ్మకాన్ని దాదాపుగా నిషేధించింది. పిల్లలున్న ఇంట్లో ఏ అతుకూ దానంత అవసరం కాదు.

ప్రశ్న: నీళ్ల పైపులు అతికించే పీవీసీ సిమెంట్ వాడొచ్చా? థర్మోకోల్ బేస్ మీద భవనాన్ని దేనితో నిలబెట్టాలి?

పైపు సిమెంట్ వద్దు. అది పీవీసీ కోసం చేసిన చిక్కటి, ఘాటైన సాల్వెంట్. సన్నటి స్టైరీన్ గోడ మీద వేస్తే ఇటుకల గీతలు కరిగిపోతాయి.

థర్మోకోల్ కూడా పాలీస్టైరీనే. సాల్వెంట్ తగిలితే అక్కడ గుంట పడుతుంది, మామూలు సూపర్ గ్లూ కూడా తినేస్తుంది. పీవీఏ జిగురే వాడండి. అయితే ప్లాస్టిక్ నేల పలకకీ థర్మోకోల్‌కీ మధ్య గాలి ఆడదు కాబట్టి అది ఆరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. అందుకని జిగురు అంచుల వెంట చుక్కలుగా పెట్టి, మీద పుస్తకం బరువు ఉంచండి.